సీసాలోని సంఖ్య

డోంగ్ హోయ్ స్టేషన్ దాటి రైలు ఊపందుకోగానే ఫోన్ మోగింది. మూడు, మూడు, ఒకటి, ఎనిమిది, రెండు, మూడు. ఇంకోసారి చెప్పండి అని హియెన్ అడిగితే అవతల ఆఫీసరు ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు, అంతేనండీ పెద్దమ్మా, పేరు లేదు, ఊరు లేదు, ఉత్త ఆరు అంకెలు, కాగితం బిగుసుకుపోయి ఉంటే రెండు రోజులు ఆవిరి పట్టించి ఇప్పుడే పూర్తిగా విప్పాం, మీరొచ్చి చూసుకోండి, డోంగ్ హాలో దిగగానే మా మనిషి ఉంటాడు. ఆమె అంకెల్ని వార్తాపత్రిక అంచు మీద పెన్సిల్‌తో రాసుకుంది. మూడు లక్షల ముప్పై ఒక్క వేల ఎనిమిది వందల ఇరవై మూడు. రాసుకుని కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది, అద్దాల మీద ఏమీ లేకపోయినా.

ఎదురు బెర్తు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న లువా అరటాకు పొట్లం విప్పి వేరుశెనగల జిగురన్నం ఉండలు చేస్తోంది. యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని ఖాంగ్‌కి చెల్లెలు. దానికే యాభై ఆరు వచ్చాయి. పక్కన సంచీలో ఎముకలు చుట్టడానికి ఎర్రగుడ్డ, అగరొత్తుల కట్ట, అన్న కోసం కొన్న కొత్త చొక్కా, పంతొమ్మిదేళ్ళవాడి కొలతలకి కొన్నది.

"ఏమన్నాడక్కా? అన్నేనా?"

"అంకెలు చెప్పాడు. చూడాలి."

"చూడ్డానికేముంది, ఫోన్లో కొట్టు. నా మనవరాలు టకటకా నొక్కి పడేస్తుంది."

"ఫోన్ వద్దు. గంటన్నర టైముందిగా, చేత్తో చేస్తాను."

"చేత్తోనా! నీ చాదస్తం నువ్వు మార్చుకోవు, ముందిది తిను," అని లువా ఒక ఉండ ఆమె అరచేతిలో పెట్టింది.

చాదస్తమే. నలభై ఏళ్ళు హనోయ్ బడిలో లెక్కలు చెప్పిన మనిషికి ఆ మాత్రం ఉండదూ. కానీ ఇది చాదస్తం కాదు, భయం, ఆ సంగతి హియెన్‌కి తెలుసు. యంత్రం అయితే కన్ను మూసి తెరిచేలోగా చెప్పేస్తుంది, అవునో కాదో. అంత తొందరగా తెలుసుకోవడానికేనా ఇన్నేళ్ళు ఆగింది. కిటికీ అవతల ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు, దిబ్బకొకటి చొప్పున రంగులేసిన సమాధులు, బక్క ఎద్దు ఒకటి సమాధి నీడన నిలబడి రైలుని చూస్తోంది. ఈ ఇసుకలోనే ఎక్కడో కాలువ తవ్వుతుంటే ఏడుగురి ఎముకలు బయటపడ్డాయి, ఏడుగురిలో ఒకరి దగ్గర పెన్సిలిన్ సీసా దొరికింది, రబ్బరు బిరడా ఇంకా బిగించే ఉంది. అప్పట్లో యుద్ధానికి వెళ్ళే పిల్లలంతా అలా పెట్టుకునేవాళ్ళు, పేరూ ఊరూ చీటీ మీద రాసి సీసాలో దోపి జేబులో వేసుకునేవాళ్ళు, పోతే పోయాం మనల్ని ఇంటికి చేరుస్తారని. ఎముకలు నీళ్ళలో నానీ నానీ పరీక్షకి పనికిరాకుండా పోయాయిట. ఇక ఉన్నదల్లా ఈ చీటీ. చుట్టకి పైకి కనిపించే కొసన అంకెలే ఉన్నాయనగానే అందరూ తుపాకి నంబరన్నారు, మందుపెట్టె నంబరన్నారు, ఒక్క లువా మాత్రం తెల్లారేసరికి హియెన్ గుమ్మంలో నిలబడి, అక్కా, పేరుకి బదులు లెక్క రాసుకునే పిచ్చోడు మా వంశంలో ఒక్కడే ఉన్నాడు, పద, అంది.

పిచ్చోడే. ఇప్పటికీ ఖాంగ్ రాసిన ఆఖరి ఉత్తరంలో వరసలు కంటికి కట్టినట్టుంటాయి. మా దళంలో ముగ్గురు ఖాంగ్‌లం ఉన్నాం, ముగ్గురికీ ఇంటిపేరు కూడా ఒకటే, నా ఉత్తరం రెండో ఖాంగ్ విప్పి చదివి ఏడ్చాడు, వాళ్ళ పంది ఈనిందనుకుని సంతోషంతో. పేరుని నమ్ముకుంటే పోయినట్టే హియెన్, నేను లెక్కనే నమ్ముకుంటాను. హాస్యానికి రాశాడనుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం తడుతుంది, నవ్వుకుని మడిచి దాచుకుంది. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. పోయాడని ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది గాని ఎక్కడ, ఎలా అన్నది అందులో లేదు.

పెన్సిల్ పట్టుకుంది. వరస తప్పొద్దు అనేవాడు డొవాన్ మాస్టారు, సంఖ్యని విప్పాలంటే చిన్నదాని నుంచి మొదలుపెట్టండి, రెండు, మూడు, అయిదు, ఏడు, బియ్యం దుకాణం దగ్గర వరసలో నిలబడ్డట్టు నిలబడండి, మధ్యలో దూరినవాడు మళ్ళీ వెనక్కొచ్చి నిలబడాల్సిందే. సరే మాస్టారూ. చివర మూడుంది కాబట్టి రెండు పోదు, అయిదూ పోదు. అంకెలు కూడితే ఇరవై, మూడూ పోదు. ఏడుతో చేస్తే రెండు మిగిలింది. పదకొండుతో ఎనిమిది మిగిలింది. పదమూడుతో పదకొండు. ఇలా ఎంతసేపు. వీటిలో మనవాళ్ళెవరూ లేరు, మనవాళ్ళంతా నూటొకటి నుంచే మొదలు. దాంతో ఆమె మధ్యవన్నీ వదిలేసి నూటొకటి దగ్గరికి ఒక్క గెంతు గెంతింది. మాస్టారుంటే చెవి మెలేసేవాడు.

నూటొకటి, పొట్టి హువాన్. ఊళ్ళమీద బాంబులు పడుతుంటే లెక్కల క్లాసుని హనోయ్ నుంచి ఎత్తుకెళ్ళి కొండల కింద పల్లెలో పెట్టారు, పద్నాలుగు మంది పిల్లలు, ఒక మాస్టారు, తాటాకు పాక, పాకలోంచి నేరుగా కందకంలోకి దారి. మొదటి రోజే మాస్టారు పిల్లలందరికీ ఒక్కో ప్రధాన సంఖ్య పంచాడు, నూటొకటి, నూటమూడు, నూటేడు, నూట తొమ్మిది, అలా వరసగా నూట అరవై ఏడు దాకా. మీరెవరికీ లొంగని మొండిఘటాలు, ఒకటికీ మీకూ తప్ప ఇంకెవరికీ సమంగా భాగం పోరు, అదే మీ గొప్ప, అన్నాడు. మరి మీరో మాస్టారూ అంటే, నేను ఉత్త ఒకటిని, నాతో ఎవర్ని గుణించినా వాళ్ళు మారరు, నావల్ల మీకు లాభమూ లేదు నష్టమూ లేదు, అని పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. విమానాలు వెళ్ళిపోయాక కందకంలోనే హాజరు పిలిచేవాడు. నూటొకటి! ఉన్నాను. నూటమూడు! ఉన్నాను. ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఊరుకునేవాడు కాదు, రుజువు లేనిది చెప్పకండి, అన్నిటికన్నా ముందు ఇది నేర్చుకోండి అనేవాడు, దుమ్ము పట్టిన మొహంతో. నూటొకటితో ముప్పై ఎనిమిది మిగిలింది. హువాన్ ఇప్పుడు ఎనిమిదో అంతస్తులో పిట్టల్ని పెంచుకుంటున్నాడు. నూటమూడుతో అరవై. ఆ పిల్ల బొమ్మలా ఉండేది, మలేరియాతో పోయింది, క్లాసంతా కలిసి మోసుకెళ్ళారు. నూటేడుతో పదహారు, నూట తొమ్మిదితో ఇరవై ఏడు, వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుని ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. నూట పదమూడుతో యాభై అయిదు. నూట ఇరవై ఏడుతో తొంభై తొమ్మిది, అబ్బ, ఎంత దగ్గరికొచ్చి ఆగిపోయాడు, పరీక్షల్లోనూ అంతే వాడు.

తర్వాతది నూట ముప్పై ఒకటి. పెన్సిల్ ఆగింది.

"టీ తాగుతావా అక్కా?" అంది లువా. "ఎంతవరకొచ్చింది?"

"వస్తోంది."

"అన్నకి టీలో చక్కెర నాలుగు చెంచాలుండాలి. దొరికితే."

టీ వేడిగా ఉంది, గ్లాసు రైలుతో పాటు వణుకుతోంది. ఎవరైనా ఒక అబ్బాయి ఒక అమ్మాయితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే చాలు, మర్నాడు కందకం గోడ మీద వాళ్ళిద్దరి గుణకారం బొగ్గుతో రాసి ఉండేది. పేర్లు రాస్తే మాస్టారికి తెలిసిపోతుందని పాపం వాళ్ళ తెలివి, లెక్కల మాస్టారికి తెలియదా. ఖాంగ్ నూట ముప్పై ఒకటి, తను నూట నలభై తొమ్మిది, గుణిస్తే పంతొమ్మిది వేల అయిదు వందల పంతొమ్మిది. అటు పంతొమ్మిది, ఇటు పంతొమ్మిది, మధ్యలో ఆ అయిదెవరే హియెన్ అని ఆడపిల్లలు దుంపతెంచేవాళ్ళు. ఖాంగ్ మాత్రం సిగ్గుపడలేదు. గోడ ముందు నిలబడి, చూశావా, ఈ సంఖ్యని ప్రపంచంలో ఎవరు ఎక్కడ విప్పినా నువ్వూ నేనే బయటికొస్తాం, రెండో దారి లేదు, అన్నాడు. అంతకన్నా ఎక్కువగా ఏ మగవాడూ ఆ తర్వాత ఆమెతో ఏదీ అనలేదు. పెళ్ళాడినాయన మంచివాడు, వంతెనల ఇంజనీరు, యుద్ధం అయిపోయిన మరుసటేడు అమ్మ ఏడ్చి ఒప్పించింది, ఆయనకి అంతా తెలుసు, ఏటా అమరవీరుల రోజున తన చేత్తోనే మూడు అగరొత్తులు వెలిగించి, ఇది మీ ఖాంగ్‌కి, అనేవాడు. ఆయనా పోయి ఆరేళ్ళయింది. ఆ వేళ్ళకి అగరు వాసన ఉండేది.

అందుకే భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ సంఖ్యలో ఖాంగ్ లేకపోతే లువా మళ్ళీ ఉత్త ఎర్రగుడ్డతో ఇంటికెళ్ళాలి, తల్లి పోతూ పోతూ దాని చేత చేతిలో చెయ్యి వేయించుకుంది, అన్నని తెచ్చి నా పక్కన పడుకోబెట్టు అని. ఖాంగ్ ఉండి తను లేకపోతే, సరే, యుద్ధంలో కుర్రాడు, మర్చిపోయాడు, అరవై ఆరేళ్ళ ముసలిదానికి ఇప్పుడదో లెక్కా, అనుకోగలదా? అనుకోలేదు. ఇద్దరూ ఉంటే మరీ కష్టం. ఆ సీసా జేబులో పెట్టుకుని అతను ఇసుకలో పడి ఉంటే, తను పసుపు పట్టుబట్టలు కట్టుకుని సైకిల్ వెనక కూర్చుని అత్తవారింటికి వెళ్ళిందన్నమాట. నలభై మూడేళ్ళ నాటి సంగతి, ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం. లాభం కాదు, తెలియాలి. ఏటా కొత్త సంవత్సరం పండగ టెట్‌కి ముందు క్లాసువాళ్ళు కలిసినప్పుడు ఇప్పటికీ హాజరు పిలుస్తారు, పద్నాలుగు మందిలో ఎనిమిది మంది మిగిలారు. పోయినవాళ్ళ నంబరు రాగానే పోయారు అని ఎవరో ఒకరు చెబుతారు, సమాధి చూశారు గనక. నూట ముప్పై ఒకటి దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఉన్నాడనడానికీ లేదు, పోయాడనడానికీ చూసినవాళ్ళు లేరు. రుజువు లేనిది చెప్పకూడదు. ఒక్క ఊపిరిసేపు ఆగి తర్వాతి నంబరుకి వెళ్ళిపోతారు. ఆ ఒక్క ఊపిరి ఏటికేడాదీ బరువెక్కుతోంది.

రాసింది. ముప్పై మూడు వందల పద్దెనిమిదిలో రెండు నూట ముప్పై ఒకట్లు పోతే, కాదు, కుదురుగా, మూడు వందల ముప్పై ఒకటి నుంచి మొదలుపెట్టు. రెండుసార్లు, రెండు వందల అరవై రెండు, తీసేస్తే అరవై తొమ్మిది. పైనుంచి ఎనిమిది దించు, ఆరు వందల తొంభై ఎనిమిది. అయిదుసార్లు, ఆరు వందల యాభై అయిదు, మిగిలింది నలభై మూడు. రెండు దించు, నాలుగు వందల ముప్పై రెండు. మూడుసార్లు, మూడు వందల తొంభై మూడు, మిగిలింది ముప్పై తొమ్మిది. మూడు దించు. మూడు వందల తొంభై మూడు. మళ్ళీ మూడుసార్లు. మిగిలింది సున్న.

సున్న. పక్కన గుండ్రంగా గీత గీసింది, పిల్లల కాగితాలు దిద్దేటప్పటిలాగే. ఎలా ఉన్నావు ఖాంగ్. రైలు ఒక ఇనుప వంతెన మీద గడగడలాడి మళ్ళీ మెత్తటి నేల మీదికి వచ్చింది, వరిచేలల్లో బాతులు బారులు తీరాయి. చేతిలో ఇప్పుడు రెండు వేల అయిదు వందల ముప్పై మూడుంది. వరస తప్పొద్దు. నూట ముప్పై ఏడుతో అరవై ఏడు మిగిలింది. నూట ముప్పై తొమ్మిదితో ముప్పై ఒకటి. ఇక తనే. తనని తను భాగించుకోవడం ఇన్నేళ్ళ మాస్టరీలో ఎప్పుడూ చేయలేదు. నూట నలభై తొమ్మిది, ఒకసారి, వెయ్యి నలభై మూడు మిగిలింది, ఏడుసార్లు నూట నలభై తొమ్మిది ఎంత, ఏడు నూర్లు ఏడు వందలు, ఏడు నలభై తొమ్మిదులు మూడు వందల నలభై మూడు, కలిపితే వెయ్యి నలభై మూడు.

సున్న. ఆమెకి ఏడుపు రాలేదు. ఈ సున్న చుట్టూ కూడా గీత గీసింది. తలుచుకున్నావన్నమాట. నేను పెళ్ళి చేసుకున్నాను ఖాంగ్, మంచివాడు, నీకు నచ్చేవాడు.

కానీ లెక్క అయిపోలేదు. పైన భాగఫలం నిలబడి ఉంది, పదిహేడు. ఒకటి రావాలి కదా. ఖాంగ్‌ని తీసేసి, తనని తీసేస్తే, ఒకటే మిగలాలి, మాస్టారొక్కడే మిగలాలి. ఈ పదిహేడు ఎవరిది. పదిహేడు క్లాసులో ఎవరికీ లేదు. ఖాంగ్ అనవసరంగా ఒక్క అంకె రాసే రకం కాదు, తుడుపు రబ్బరు అరిగిపోతుందని తప్పులు చేయనివాడు. అతనే రాసి ఉంటే పంతొమ్మిది వేల అయిదు వందల పంతొమ్మిది అని రాసి ఊరుకునేవాడు. మరి ఇది కాకతాళీయమా? ఏదో ఒక సంఖ్య ఇద్దరితోనూ పోయే అవకాశం ఇరవై వేలలో ఒకటి, అది తక్కువే, కానీ ఈ మట్టిలో ఎన్ని వేల నంబర్లు పాతిపెట్టి ఉన్నాయి, ఎన్ని తుపాకులు, ఎన్ని పెట్టెలు, వాటిలో ఒకటి ఇలా కుదరకూడదని ఎక్కడుంది. రుజువు లేనిది చెప్పకూడదు. పదిహేడంటే వయసా? అతనికి పంతొమ్మిది. తేదీయా? లేకపోతే ఇంకో అమ్మాయా, దళంలో మందులిచ్చే అమ్మాయెవరికైనా నంబరిచ్చాడా, ఇచ్చే ఉంటాడు, అడిగితే కాదనేవాడా. అరవై ఆరేళ్ళ మనిషి, ముగ్గురు మనవల నాయనమ్మ, ఒక పదిహేడుని చూసి కుళ్ళుకుంటోంది. ఆమెకే నవ్వొచ్చింది. అరగంటలో స్టేషను. అక్కడి మనిషి అడుగుతాడు, మీ వాడేనా అని. ఏం చెప్పాలి? చాలామటుకు మావాడే అని చెప్పాలా? చాలామటుకు మావాడిని పెట్టెలో పెట్టి తీసుకెళ్ళి తల్లి పక్కన పడుకోబెట్టాలా?

"మొహం అలా పెట్టావేం," లువా ఉండ చేయడం ఆపింది. "కాదా? చెప్పెయ్యక్కా, నేనేం పడిపోను. ఇదివరకు మూడుసార్లు ఉత్త చేతుల్తో వెళ్ళాను."

"మీ అన్న నంబరు ఉంది. నాదీ ఉంది."

లువా నోరు తెరిచింది.

"ఉండు, అప్పుడే సంబరపడకు. ఇంకోటి మిగిలింది. అది ఎవరిదో అంతు చిక్కడం లేదు. అది ఉన్నంతసేపూ నేను అవునని చెప్పలేను."

"ఎంత మిగిలింది?"

"పదిహేడు."

లువా చేతిలో జిగురన్నం అలాగే ఉంది, వేళ్ళ మధ్యనుంచి రెండు మెతుకులు ఒళ్ళో రాలాయి. మరమరాలు అమ్మే ఆవిడ నడవలోంచి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. లువా చెయ్యి తుడుచుకోకుండానే ముక్కు తుడుచుకుంది.

"మళ్ళీ అను," అంది.

"పదిహేడు. ఏం?"

"అన్న నన్ను అలాగే పిలిచేవాడక్కా. పదిహేడూ, ఇటు రా. పదిహేడూ, ముక్కు తుడుచుకోవే. అన్న పోయాక అమ్మ ఆ మాట ఇంట్లో ఎవర్నీ అననివ్వలేదు, లెక్కల్లో కూడా పదహారు తర్వాత నోరు మూసుకునేదాన్ని. నీకు తెలీదులే, నువ్వప్పటికే మా ఇంటికి రావడం మానేశావు."

"ఎందుకు పెట్టాడు? పదిహేడే ఎందుకు?"

"అమ్మ నన్ను చంకనేసుకుని కర్రపెండలం మోసుకుని మీ కొండకి వచ్చిందే ఒకసారి, నాకప్పుడు అయిదేళ్ళు. కందకంలో మీరంతా నంబర్లు చెప్పి ఉన్నాను ఉన్నాను అంటుంటే, నాకూ నంబరు కావాలని దొర్లి దొర్లి ఏడ్చాను. అన్న ఎత్తుకుని, ఊరుకో, మా వరసలో నేను ఏడోవాణ్ణి, అసలు వరసలో ఏడోది పదిహేడు, అది నీకిస్తాలే అన్నాడు. అదేమిటో నాకిప్పటికీ తెలీదు. అసలు వరసేంటక్కా?"

రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. హియెన్ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడు. నూటొకటి, నూటమూడు, నూటేడు, నూట తొమ్మిది, నూట పదమూడు, నూట ఇరవై ఏడు, నూట ముప్పై ఒకటి. ఏడు. గంట కిందట పదమూడు దగ్గర ఆగి, మనవాళ్ళెవరూ లేరని గెంతింది తను. ఇంకొక్క అడుగు వరసలో నిలబడి ఉంటే మొట్టమొదట పలికేది ఈ చంటిదే. మధ్యలో దూరినవాడు మళ్ళీ వెనక్కొచ్చి నిలబడాల్సిందే, మాస్టారు ఊరికే అన్నాడా. మా ఇద్దర్నే రాసుకున్నాడనుకున్నాను చూడు, ఎంత స్వార్థం, మధ్యలో ఆ అయిదెవరే అని ఏడిపించేవాళ్ళే, అయిదేళ్ళ పిల్ల ఒకతి ఉండనే ఉంది. పేరు రాసుంటే ముగ్గురు ఖాంగ్‌లలో ఎవరో అనుకునేవాళ్ళు. ఇది రాశాడు గనక ఇంకెవరూ కాడు, తన చెల్లెల్నీ తను చేసుకోబోయే పిల్లనీ తనతో కలిపి చుట్టి బిరడా బిగించినవాడు ఒక్కడే. కాకపోతే దాన్ని విప్పడానికి ఇద్దరు ముసలమ్మలు ఒకే రైలెక్కాలని, అందుకు యాభై ఏళ్ళు పడుతుందని లెక్క వేసుకోలేదు పాపం.

ఆమె పదిహేడు కింద పదిహేడు రాసి భాగించింది. ఒకటి. కాగితం మడిచి లువా చేతిలో పెట్టింది, ఎర్రగుడ్డలో పెట్టమని.

రైలు నెమ్మదించింది. మైకులో స్టేషను పేరు చెబుతున్నారు, జనం సంచులు దించుకుంటున్నారు. లువా సంచీ భుజాన వేసుకుని కదలకుండా నిలబడింది, కళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"అవునా అక్కా? నిజంగా అవునని చెప్పొచ్చా వాళ్ళకి?"

హియెన్ దాని చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది. ప్లాట్‌ఫారం మీద యూనిఫాంలో ఒకతను వాళ్ళకోసం బోగీ బోగీ వెతుక్కుంటూ వస్తున్నాడు. అతను చేరేలోపల, ఇద్దరికీ మాత్రమే వినపడేలా, కందకంలో మాస్టారు పిలిచినట్టే పిలిచింది.

"పదిహేడు."

"ఉన్నాను," అంది లువా, ముక్కు ఎగబీలుస్తూ.

"నూట నలభై తొమ్మిది. ఉన్నాను." తనే పిలిచి తనే పలికింది. "నూట ముప్పై ఒకటి."

ఎప్పటిలాగే ఒక్క ఊపిరిసేపు ఆగింది. ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదు, రుజువు లేకుండా.

"ఉన్నాడు," అంది హియెన్.